చిలుక ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటే ముందుగా ఏం చేయాలి?

‘మాది మహబూబ్‌నగర్. రెండు చిలుకల్లో ఒకటి రెండు రోజులుగా ఈకలు ఉబ్బించుకుని మూలకు కూర్చుంటోంది, ఎక్కువసేపు కళ్లు మూసుకునే ఉంటోంది. గింజలు మాత్రం తింటోంది. ఇక్కడ పక్షుల డాక్టర్ ఎవరూ తెలియదు. ఇంట్లోనే ఏమైనా చేయొచ్చా?’ అని అడిగారు. నల్లగొండలో ఎనిమిదేళ్లుగా నేను పక్షులను పెంచుతున్నాను. ఒకటి నా తెలివితక్కువతనం వల్ల చనిపోయింది. ఇంకొకటి చావు దాకా వెళ్లి బతికింది. నేను డాక్టర్‌ను కాను, ఆ రెండింటి దగ్గర నేర్చుకున్నదే రాస్తున్నాను.

‘గింజలు మాత్రం తింటోంది’ అన్నారు కదా, నన్ను భయపెట్టింది ఆ మాటే. ఇప్పుడే వెళ్లి గింజల గిన్నె చేతిలోకి తీసుకుని మెల్లగా ఊదండి. పొట్టు బాగా ఎగిరితే తిన్నట్టు. ఎగరకపోతే అది తినడం లేదు, గిన్నె దగ్గర కూర్చుంటోందంతే. మా మొదటి బడ్జీ, అదే షాపుల్లో లవ్ బర్డ్ అని అమ్మేది, మూడు రోజులు గిన్నె వదల్లేదు. గింజ ముక్కుతో పట్టుకునేది, అటూ ఇటూ తిప్పేది, కింద పడేసేది. నేను వంటింట్లోంచి చూసి ‘తింటోందిలే, తగ్గిపోతుంది’ అనుకున్నాను. మూడో రోజు సాయంత్రం గిన్నె ఊదితే నాలుగు పొట్టు రేకులు ఎగిరాయి, అడుగున కొర్రలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. తెల్లారేసరికి పంజరం అడుగున పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే ఛాతీ మధ్య ఎముక కత్తి అంచులా తగిలింది. అంత చిక్కిపోయినా ఈకల కింద నాకు కనబడలేదు.

అడవిలో నీరసంగా కనబడిన పక్షిని డేగ ముందు పట్టుకుపోతుంది. అందుకే చిలుకలు జబ్బును చివరిదాకా దాచిపెడతాయి. మీకు రెండు రోజుల క్రితం కనబడిందంటే లోపల అంతకు ముందే మొదలై ఉంటుంది. ఇంకో రెండు రోజులు చూద్దాం అని మాత్రం ఆగకండి.

ఈ రాత్రికి చేయాల్సింది వెచ్చదనం ఇవ్వడం. పక్షి ఒళ్లు మామూలుగానే 40, 41 డిగ్రీల వేడి ఉంటుంది. తిండి లేనప్పుడు ఆ వేడి నిలుపుకోవడానికే ఉన్న ఓపికంతా అయిపోతుంది. జబ్బు పక్షిని వేరే చిన్న పంజరంలోకి మార్చి, మూడు వైపులా దుప్పటి కప్పి, నాలుగో వైపు బయటి నుంచి 60 వాట్ల బల్బు పెట్టండి. పాత రకం ఫిలమెంటు బల్బే కావాలి. మా ఆయన తొందరలో ఎల్ఈడీ పెట్టి ‘వెలుగు బాగుంది కదా’ అన్నాడు. వెలుగు ఎవరికి కావాలి? ఎల్ఈడీకి అంత వేడి రాదు. మామూలు షాపుల్లో దొరక్కపోతే కోళ్ల ఫారాలకు సామాన్లు అమ్మే చోట అడగండి, కోడిపిల్లల కోసం పెట్టుకుంటారు. అదీ లేకపోతే సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి పంజరానికి ఆనించండి. కరెంటు పోయినా పనికొస్తుంది. పక్షి ఉన్న చోట 30 డిగ్రీల దాకా ఉంటే చాలు. బల్బు ఒక పక్కనే ఉండాలి, వేడెక్కితే అది రెండో పక్కకు జరగగలగాలి. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు, బల్బు దూరం జరపండి. దుప్పటి మాత్రం బల్బుకు తగలనీయొద్దు. కొమ్మను కూడా కిందికి దించండి, లేదంటే ఓపిక లేక పైనుంచి పడుతుంది. నీళ్లూ గింజలూ దాని ముక్కుకు అందేంత దగ్గర పెట్టండి.

తిననంటే కొర్ర కంకి వేలాడదీసి చూడండి. షాపులో ప్యాకెట్‌లో అమ్మే ‘మిల్లెట్ స్ప్రే’ అంటే ఇదే, మన కొర్ర కంకి. పాలమూరు వైపు కొర్రలు వేసే రైతులు ఇంకా ఉన్నారు కదా, మందు కొట్టని కంకులు నాలుగు తెచ్చి ఎండబెట్టుకుంటే ఏడాది వస్తాయి. గిన్నెలో గింజ ముట్టని పక్షి కూడా కంకిని ఒకసారి పొడిచి చూస్తుంది. మెత్తగా మెదిపిన ఉడికిన గుడ్డు కూడా చిటికెడు పెట్టొచ్చు.

సిరంజితో నోట్లో నీళ్లు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బుతో కాదు, దాంతోనే చస్తుంది. పాలు కూడా వద్దు, పక్షులకు అరగవు. మా కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక) మిట్టూకు జబ్బు చేసినప్పుడు మా అత్తమ్మ ‘కోళ్లకు కొక్కెర వస్తే ఎల్లిపాయ దంచి పోస్తుంటిమి, దీనికి పోస్తే ఏమైతది?’ అని దంచుడు కూడా మొదలుపెట్టింది. ఎల్లిపాయ, ఉల్లిపాయ చిలుకలకు మంచివి కావు. ‘అత్తమ్మా, ఇది కోడి కాదు, డాక్టర్‌ను అడిగి పోద్దాం’ అని ఎట్లనో ఆపాను. ఆమె రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే కథ.

అయినా నేనూ తక్కువ తప్పు చేయలేదు. పక్షులమ్మే షాపులో అడిగితే పసుపు పచ్చ పొడి ఇచ్చి, నీళ్లలో కలపమన్నారు. ఏ జబ్బో, ఎన్ని రోజులో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. చేదు నీళ్లని మిట్టూ ఆ నీళ్లు తాగడమే మానేసింది. అంటే మందూ పోలేదు, నీళ్లూ పోలేదు. అది యాంటీబయోటిక్ అని తర్వాత తెలిసింది.

అప్పటికి నేను ఒక్క పని మాత్రం సరిగ్గా చేస్తున్నాను, తూకం. వంటింటి డిజిటల్ కాటా మీద మూత ఉన్న డబ్బా పెట్టి, సున్నా చేసి, పొద్దున్నే గింజలు వేయకముందు మిట్టూను అందులో కూర్చోబెట్టేదాన్ని. మామూలుగా 92 గ్రాములు. ఆ వారం 90, 87, చివరికి 81. నూటికి పది వంతులు తగ్గడమంటేనే పెద్ద ప్రమాదం. ఆ అంకె చూశాకే ఇంట్లో అందరికీ విషయం అర్థమైంది. మనిషి బరువులో పక్షి ఎంత? పది గ్రాములంటే మనకు లెక్కలోకి రాదు, దానికి అదే ప్రాణం.

రెట్ట కూడా చూడండి. పంజరం అడుగున వార్తాపత్రిక తీసి తెల్ల కాగితం పరవండి. మంచి రెట్టలో మూడు భాగాలు కనబడతాయి: ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో మలం, మీద తెల్ల సున్నం లాంటిది, చుట్టూ కొద్దిగా నీరు. దోసకాయో పుచ్చకాయో తింటే నీరు ఎక్కువ రావడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. తెల్లగా ఉండాల్సిన సున్నం పచ్చగా, నిమ్మకాయ రంగులోకి మారితే మాత్రం కాలేయానికి దెబ్బ తగిలి ఉండొచ్చు. మిట్టూకు అదే అయింది. దానికి తోడు ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఊగేది, ఒక కన్ను తడిగా ఉండేది. తోక అట్ల ఊగుతుంటే రేపటి దాకా కూడా ఆగొద్దు.

మా ఊరి పశువుల దవాఖానలో బర్రెలు, మేకల మధ్య పంజరం పట్టుకుని నిలబడితే అందరూ నన్నే చూశారు. అక్కడి డాక్టర్ దాన్ని చూసి, ‘నేను చిలుకలను చూసింది తక్కువ, హైదరాబాద్ తీసుకెళ్లండి’ అని ముఖం మీదే చెప్పాడు. ఆ మాటకు ఇప్పటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను. హైదరాబాద్‌లో పక్షులు చూసే డాక్టరమ్మ సిటకోసిస్ (చిలుకల జ్వరం) అనుమానించి, డాక్సీసైక్లిన్ 45 రోజులు వాడమంది. తూకం చూసి మోతాదు రాసింది, అందుకే మోతాదు ఇక్కడ రాయను. ఆ రోజుల్లో పంజరంలోంచి సముద్రపు నురుగు (కాల్షియం కోసం పక్షులు కొరికే తెల్ల పెచ్చు, కటిల్ బోన్) తీసేయమంది, అందులోని కాల్షియం మందును ఒంటికి పట్టనీయదట. పది రోజులకు ఈల వేసింది. అయినా మందు ఆపనివ్వలేదు.

ఈ జబ్బు మనుషులకూ వస్తుంది. ఎండిన రెట్ట దుమ్ములోంచి ఊపిరిలోకి పోతుంది. అందుకే పంజరం అడుగు పొడిగా ఊడ్వకండి. నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని తీయండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తే డాక్టర్‌కు ‘మా ఇంట్లో చిలుకలున్నాయి’ అని మీరే చెప్పండి, ఆయనంతట ఆయన అడగకపోవచ్చు. రెండో చిలుకను వేరే గదిలో పెట్టండి. జబ్బు పక్షిని ముట్టుకున్నాక చేతులు కడుక్కున్న తర్వాతే దాని దగ్గరికి వెళ్లండి.

ఈ కొన్ని రోజులు అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ ఆ గదిలో వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మంచి పక్షినే నిమిషాల్లో చంపేస్తుంది. పొద్దుతిరుగుడు గింజలే పెట్టి పెంచుతుంటే కోలుకున్నాక మార్చండి. వాటిలో కొవ్వే కానీ విటమిన్ ఏ ఉండదు. క్యారెట్ తురుము, మునగాకు, కొత్తిమీర నిదానంగా అలవాటు చేయొచ్చు. జబ్బులో ఉన్నప్పుడు మాత్రం తిండి మార్చొద్దు, అలవాటైనదే పెట్టండి.

చిలుకలంటే ఏ చిలుకలో మీరు రాయలేదు. రామచిలుకలైతే వాటిని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తిట్టడానికి చెప్పడం లేదు. ఆ భయంతో వైద్యానికి తీసుకెళ్లక ఇంట్లోనే చంపుకున్న వాళ్లను చూశాను. అటవీ శాఖ వాళ్లకు అప్పగిస్తే దానికీ మంచిది, మీకూ మంచిది.

మీకు నాకంటే దారి సులువు. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ బస్సు షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా ఆరాంఘర్ వస్తుంది. అక్కడ దిగితే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దగ్గరే. పక్షులను ఏ రోజు, ఏ టైంలో చూస్తారో పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోండి. పెద్ద పంజరం వద్దు, గాలి రంధ్రాలున్న చిన్న అట్టపెట్టె చాలు. అడుగున తువ్వాలు పరిచి, కిటికీ గాలి తగలకుండా ఒళ్లో పెట్టుకోండి. ఈ రాత్రి పరిచిన తెల్ల కాగితాన్ని తడి ఆరకముందే మడిచి కవర్లో పెట్టుకుని వెళ్లండి. షాపు వాళ్లు మందేదైనా ఇచ్చి ఉంటే దాని డబ్బా కూడా. డాక్టర్ మొదట అడిగేవి అవే.