జపాన్ టీవీకి నెలకి 25 డాలర్లు: కట్టాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం నాలుగేళ్ళు టోక్యోలో, నిషికసాయిలో ఉండి పోయిన నెల టెక్సాస్‌లో ప్లేనోకి వచ్చాం. మావారికి కంపెనీవాళ్ళు ఇక్కడికి బదిలీ చేశారు. పాప అక్కడ హొయికుఎన్‌కి (చిన్నపిల్లల్ని చూసుకునే బడి) వెళ్ళి జపనీస్ గడగడా మాట్లాడుతుంది. నాక్కూడా పొద్దున వచ్చే పదిహేను నిమిషాల సీరియల్ బాగా అలవాటైపోయింది. ఇక్కడ జేమీ అని జపాన్ ఛానల్ ఉందట, నెలకి 25 డాలర్లట. చూసేవాళ్ళలో కొందరు ప్రాణం లేచొచ్చిందంటున్నారు, కొందరు దండగంటున్నారు. ఫ్రిస్కోలో తెలిసినవాళ్ళేమో ఒక బాక్స్ కొనుక్కోమంటున్నారు. తెలుగు, జపాన్ అన్ని ఛానళ్ళూ అందులో వస్తాయట, ఒక్కసారి కడితే చాలట. ఏం చెయ్యమంటారు?

చెల్లీ, బాక్స్ మాట ముందే తేల్చేస్తాను. కొనొద్దు. మిగతాది నిదానంగా చెబుతాను. నువ్వు అడిగింది ఛానల్ గురించే అయినా నేను చెప్పేది ఎక్కువగా డబ్బు గురించే ఉంటుంది, ఓపిగ్గా చదువు. కొత్తగా దిగినవాళ్ళకి అద్దె, కారు, ఇన్సూరెన్సు కళ్ళకి కనబడతాయి. పాతిక డాలర్లు కనబడవు. అలాంటివి నాలుగైదు కలిసి నెలాఖరుకి ఏం చేస్తాయో నాకు తెలుసు.

మాదీ నీ దారే. గుంటూరు నుంచి యొకొహామా, అక్కడినుంచి టెక్సాస్. యొకొహామాలో నాకు జపనీస్ వచ్చింది క్లాసుల్లో కన్నా ఆ పొద్దుటి సీరియల్ చూసే ఎక్కువ. అప్పట్లో అది ఎనిమిదింపావుకి వచ్చేది, 2010 నుంచి ఎనిమిదింటికి మార్చారు. ఆయన్ని ఆఫీసుకి పంపి టీ గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని. ఒక ఆడపిల్ల పుట్టిన ఊరు, కష్టాలు, పెళ్ళి, సొంత కాళ్ళమీద నిలబడడం, ఆరు నెలలపాటు రోజుకింత. అదే వేళకి 1983లో మొదలైన ఓషిన్ అనే సీరియల్ ఏడాదిపాటు నడిచి సగటున 52.6 శాతం రేటింగ్ తెచ్చుకుందంటే ఆ దేశంలో ఆ పదిహేను నిమిషాల విలువ ఏమిటో చూడు. కాబట్టి నువ్వు ఆ సీరియల్ కోసం తపిస్తున్నావంటే నాకు వింతగా లేదు.

ఇక్కడికొచ్చి మొదట అర్వింగ్‌లో దిగాం. ఇండియన్ స్టోర్ గుమ్మం పక్కన మడత బల్ల వేసుకుని ఒకాయన డిష్ కనెక్షన్లు రాసుకుంటున్నాడు. మనవాడే, చక్కగా తెలుగులో మాట్లాడాడు. తెలుగు ఛానళ్ళ ప్యాక్‌తోపాటు జపాన్ ఛానల్ కూడా ఇప్పిస్తానన్నాడు. నెలకి ఎంతని అడిగాను. ఎన్నాళ్ళు కట్టాలని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా సంతకం పెట్టినందుకు ఏం జరిగిందో విను.

మొదటి బిల్లు ఆయన చెప్పినదానికంటే ఎక్కువ వచ్చింది. పరదేశీ ఛానళ్ళు విడిగా ఇవ్వరట. వాటి కింద ఇంగ్లీషు ప్యాక్ ఒకటి తప్పనిసరిగా తీసుకోవాలి. మేం ఒక్కరోజు కూడా పెట్టి చూడని ఛానళ్ళకి నెలనెలా కట్టాం. తర్వాత డిష్ బిగించడానికి వచ్చిన కుర్రాడు బాల్కనీలో నిలబడి తల అడ్డంగా ఊపాడు. ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ మీదుగా ఉంటాయి కాబట్టి అమెరికాలో డిష్ దక్షిణం చూడాలి. మా బాల్కనీ ఉత్తరం వైపు. పైకప్పు మీద పెట్టడానికి అపార్ట్‌మెంటువాళ్ళు ఒప్పుకోలేదు. మన సొంత బాల్కనీలో పెట్టుకోవడానికి హక్కుంది గాని అందరిదీ అయిన కప్పు మీద లేదు, ఆ రూలు ఎఫ్‌సీసీ (ప్రసారాల మీద అజమాయిషీ చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్లో ఉంటుంది. సంతకం అయిపోయింది కదా, డబ్బు పోతుందన్న కంగారులో అదే కాంప్లెక్సులో దక్షిణం వైపు ఫ్లాటుకి మారాం. దానికి మారే రుసుము, కొంచెం ఎక్కువ అద్దె. ఒక టీవీ ఛానల్ కోసం ఇల్లు మారామంటే ఇప్పుడు మా పిల్లలు నమ్మరు.

ఏడాది తిరిగేసరికి పరిచయపు ధర అయిపోయి రేటు పెరిగింది. ఆ వెంటనే మావారికి ప్లేనోలో ఉద్యోగం వచ్చింది. కొత్త చోట డిష్‌కి వీల్లేదు. మానేస్తామంటే ఒప్పందంలో మిగిలిన నెలల లెక్కన జరిమానా కట్టమన్నారు. ఇవన్నీ డెబిట్ కార్డు మీద ఆటోపేలో పెట్టాను, ఖాతాలో డబ్బు చాలని నెలలో బ్యాంకువాళ్ళు విడిగా కోశారు. మొత్తం కూడి చూసుకుంటే ఒక మనిషి గుంటూరు వెళ్ళొచ్చే టికెట్టు. ఆ ఏడు మా నాన్నగారి షష్టిపూర్తికి నేను వెళ్ళలేకపోయాను. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

బాక్స్ కొన్నది ఆ తర్వాత కొన్నేళ్ళకి. నెల బిల్లు అంటేనే భయం పట్టుకుని ఉన్నాను కాబట్టి ‘ఒక్కసారి కడితే చాలు’ అన్న మాట చెవికి ఇంపుగా వినిపించింది. కొన్నాళ్ళు అన్నీ వచ్చాయి. ఒకరోజు ఏదీ రాలేదు. అమ్మినవాడి ఫోను పలకలేదు. కొన్న కార్డు మీద నాకు తెలియని ఖర్చు ఒకటి పడితే ఆ కార్డే మార్పించాల్సి వచ్చింది. అవి హక్కులు కొనకుండా దొంగతనంగా పంపే ప్రసారాలు చెల్లీ. ఏ రోజైనా ఆగిపోతాయి, ఆగితే అడిగే దిక్కుండదు. ఫ్రిస్కోవాళ్ళకి ఇవాళ వస్తూ ఉండొచ్చు. వాళ్ళ మాట నమ్మి నువ్వు రెండు మూడు వందల డాలర్లు పొయ్యొద్దు.

ఇప్పుడు నీ ఛానల్ సంగతి. వాళ్ళూ వీళ్ళూ ఎందుకు అలా మాట్లాడుతున్నారో తెలిస్తే నీకెంత పనికొస్తుందో నువ్వే తేల్చుకోగలవు. ఇక్కడ 1991 నుంచి టీవీ జపాన్ అని ఉండేది. జనం కట్టే రుసుముతో నడిచే జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే, దాని అనుబంధ సంస్థ దీన్ని నడిపేది. కేబుల్లోనో డిష్‌లోనో డబ్బు కట్టి చూసేవాళ్ళు. 2024 మార్చి 31తో దాన్ని ఆపేసి, అదే సంస్థ ఇంటర్నెట్ మీద వచ్చే జేమీని ముందుకి తెచ్చింది. మొదలుపెట్టినప్పటి ధర నెలకి 25 డాలర్లు, పన్ను అదనం. ఇవాళ్టి ధర వాళ్ళ సైట్లోనే చూసుకో. యూరప్‌లో వాళ్ళకి జేఎస్‌టీవీ ఉండేది, అది 2023 అక్టోబరు ఆఖరున మూతపడింది. అక్కడివాళ్ళ ఏడుపు చూశాక ఇక్కడివాళ్ళు మనకి ఏదో ఒకటి మిగిలిందని సర్దుకున్నారు.

గట్టిగా బాధపడ్డది పెద్దవాళ్ళు. మా వీధిలో ఒక జపాన్ పెద్దావిడ ఉంది, ఇక్కడికొచ్చి ఒక జీవితకాలం అయింది. ఆవిడకి రిమోట్ మీద ఛానల్ నంబరు వేళ్ళకే తెలుసు. పొద్దున లేచి అది నొక్కితే వార్తలు, సాయంత్రం నొక్కితే సీరియల్. యాప్, పాస్‌వర్డ్, టీవీకి తగిలించే కడ్డీ అంటే ఆవిడకి దిక్కు తోచలేదు. నేనే వెళ్ళి పెట్టిచ్చాను. అన్నీ చూపించాక ఆవిడ అడిగిన ప్రశ్న, ‘సుమో వస్తుంది కదా?’ ఏడాదికి ఆరు పోటీలు, ఒక్కొక్కటి పదిహేను రోజులు. ఆవిడ క్యాలెండరు అదే. పెద్దవాళ్ళు ఛానల్‌ని తిడుతున్నారంటే కార్యక్రమాల మీద కోపంతో కాదని నాకు ఆరోజు అర్థమైంది.

నీ వయసు వాళ్ళలో ఎక్కువమంది సంతోషించారు. ఇంగ్లీషు ప్యాక్ బలవంతం పోయింది, డిష్ పోయింది, రెండేళ్ళ ఒప్పందం పోయింది. నేను పడ్డవన్నీ మీకు లేకుండా పోయాయి, ఆ మాట గుర్తుపెట్టుకో. 25 డాలర్లు ఎక్కువని గొణిగేవాళ్ళు మీలా ఈమధ్యే జపాన్ నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ ఎన్‌హెచ్‌కే రుసుము 2023 అక్టోబరులో తగ్గించాక మామూలు ప్రసారాలకి నెలకి 1,100 యెన్లే. ఆ లెక్కతో చూస్తే ఇది మూడింతలు. కానీ పరాయి దేశంలో చూపించాలంటే ఒక్కో కార్యక్రమానికి హక్కులు విడిగా కొనాలి, చూసేవాళ్ళు గుప్పెడుమంది. అందుకే నాకు ఆ ధర మీద కోపం లేదు. చూడకుండా కట్టేవాళ్ళ మీద కోపం.

హక్కుల గొడవ ఇంకోచోట కూడా కనబడుతుంది, అభిమానులు ఎక్కువ విసుక్కునేది దానికే. వార్తల్లో ఆటల దృశ్యాలు వచ్చేసరికి ఎన్‌హెచ్‌కే విదేశీ ప్రసారాల్లో ఒక్కోసారి ఆ ముక్క తీసేసి కదలని బొమ్మ పెడతారు, మాటలు మాత్రం వినిపిస్తాయి. ఒలింపిక్స్ రోజుల్లో మరీను. ఆటల కోసమే కడదామనుకుంటే ఆగు.

జపాన్ నాటకాల మీద మోజుతో కట్టిన మనవాళ్ళూ, అమెరికన్ పిల్లలూ నిరుత్సాహపడ్డారు. చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉండవు. ఇది జపనీస్ వాళ్ళకోసం జపనీస్‌లో నడిచే ఛానల్. చిన్నప్పుడు తెలుగులో డోరేమాన్, షిన్‌చాన్ చూసి పెరిగిన కుర్రాళ్ళు ఇదేదో అనిమే (జపాన్ కార్టూన్ల) ఛానల్ అనుకుని కట్టి, నెలకే మానేశారు. అనిమే కావాలంటే క్రంచీరోల్ లాంటివి ఇంతకంటే చవగ్గా, సబ్‌టైటిల్స్‌తో ఉన్నాయి. నీకు భాష వచ్చు కాబట్టి ఈ ఫిర్యాదు నీది కాదు.

టైము కూడా లెక్క చూసుకో. జపాన్‌లో పొద్దున ఎనిమిదంటే మనకి ఎండాకాలంలో ముందురోజు సాయంత్రం ఆరు, చలికాలంలో అయిదు. సీరియల్‌కి ఇంతకంటే మంచి వేళ దొరకదు, వంటకి ముందు అయిపోతుంది. సుమో మాత్రం మనకి తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో ముగుస్తుంది. డిసెంబరు 31 రాత్రి వాళ్ళు చూసే కొహాకు పాటల పోటీ మనకి అదేరోజు తెల్లవారకముందే మొదలవుతుంది. మా పెద్దావిడ దానికోసం లేచి దీపం పెట్టుకుంటుంది, నేనూ వెళ్ళి కూర్చుంటాను.

కట్టేముందు ఊరికే వచ్చేవి చూడు. ఎన్‌హెచ్‌కే వరల్డ్ జపాన్ ఇంగ్లీషులో పూర్తిగా ఉచితం, సుమో ముఖ్యాంశాలు కూడా అందులో వేస్తారు. నువ్వు అక్కడ వాడిన టీవర్ లాంటి ఉచిత టీవీ యాప్‌లు ఇక్కడ తెరుచుకోవు, జపాన్ దాటితే ఆపేస్తారు. మనం జపాన్‌లోనే ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టుకోమని ఎవరో ఒకరు చెబుతారు. అది వాళ్ళ షరతులకి విరుద్ధం, పైగా వీపీఎన్‌కి కూడా నెలనెలా కట్టేదే. పాప భాష పోకుండా ఉండడానికి టీవీ ఒక్కటే చాలదు. మిత్సువా జపాన్ స్టోర్‌కి ఎలాగూ సరుకులకి వెళ్తావు, కినొకునియా పుస్తకాల షాపులో పిల్లల పుస్తకం ఒకటి కొని రోజూ రాత్రి చదివించు. నెల చందాలో సగం కూడా అవదు.

ఆ తర్వాత జేమీ షెడ్యూలు తెరిచి ఒక వారానిది ముందు పెట్టుకో. నువ్వు, పాప నిజంగా కూర్చుని చూసేవి కాగితం మీద రాయి. పాప చూసే పిల్లల పాటల కార్యక్రమం ఆ వారంలో ఉందో లేదో నీ కళ్ళతో చూడు, ఉంటుందిలే అనుకోవద్దు. సీరియల్, పాప కార్యక్రమం, ఇంకొక్కటి, ఈ మూడూ తేలితే కట్టు. ఒక్కటే తేలితే వద్దు. ఏడాదికి 300 డాలర్లు, మన డబ్బుల్లో 25,000 పైమాటే. మీది ఇప్పుడు ఒక్క జీతం. కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ళ భార్యకిచ్చే ఎల్-2 వీసా మీదైతే నువ్వు కూడా ఉద్యోగం చేసుకోవచ్చు, దాని వివరాలు ప్రభుత్వ సైట్లో చదువుకో. నువ్వు చేరేదాకా మాత్రం ప్రతి పాతికా లెక్కే.

కడితే కొత్త సీరియల్ మొదలయ్యేటప్పుడు కట్టు. మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో ఒకటి, సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లో ఇంకొకటి మొదలవుతాయి. మధ్యలో దూరితే సగం కథ కోసం పూర్తి డబ్బు కట్టినట్టవుతుంది. డెబిట్ కార్డు మీద పెట్టకు, క్రెడిట్ కార్డు మీద పెట్టి బిల్లు నువ్వే చూసి కట్టు, నీ క్రెడిట్ చరిత్ర కూడా పెరుగుతుంది. ఇండియా వెళ్ళే నెలలో రద్దు చెయ్యి, వచ్చాక మళ్ళీ చేరు. ఇది చెయ్యడానికి మీకు ఫోన్లో రెండు నొక్కులు చాలు, మేం ఫోను పట్టుకుని గంటలు గంటలు నిలబడేవాళ్ళం.

ఇంకొక్కటి, ఇది అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది. నిషికసాయి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎన్‌హెచ్‌కే రుసుము రద్దు చేయించారా? మీవారు చేశారేమోనని నువ్వు, నువ్వు చేశావేమోనని ఆయన ఊరుకుని ఉంటారు. అక్కడి బ్యాంకు ఖాతా మూయకపోతే ఇంకా కోసుకుంటూనే ఉంటుంది. దేశం విడిచి వచ్చామని ఫోన్ చేసి చెబితే రద్దు చేస్తారు, ముందుగా కట్టింది ఏమైనా ఉంటే వెనక్కిస్తారు. మనకి రాత్రి అయ్యేసరికి వాళ్ళకి పొద్దున ఆఫీసు తెరుస్తారు. పాపని పడుకోబెట్టి ఇవాళే చెయ్యి.