కొండల్లోకి వెళ్ళిన మనిషి కథ రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. నీ కథానాయకుడు ఊరు వదిలి కొండల్లోకి ఎందుకు వెళ్ళాడో చెప్పడానికి మొదటి రెండు పేజీలూ ఖర్చు చేశావు; అయినా ఆ మనిషి నా కళ్ళ ముందుకు రాలేదు. అందుకే 1972లో సిడ్నీ పొలాక్ దర్శకత్వంలో వచ్చిన ‘జెరెమయా జాన్సన్’ సినిమాను, కథ కోసం కాకుండా కథనం కోసం చూడమంటున్నాను. అమెరికాలోని రాకీ పర్వతాల్లో ఉచ్చులు పన్ని బతకాలనుకునే జాన్సన్‌గా రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ నటించాడు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడని అతని దుస్తులను బట్టి మనం ఊహించుకోవలసిందే తప్ప, ఏ గాయం అతన్ని అక్కడికి తరిమిందో సినిమా విప్పి చెప్పదు.

చెప్పడానికి బదులు అతని చేతకానితనాన్ని చూపిస్తుంది. గడ్డకట్టే ఏటిలో దిగి వట్టి చేతులతో చేపను పట్టబోయి తడిసి ముద్దవుతాడు. మంచు పేరుకున్న చెట్టు కింద నెగడు రాజేస్తే, కొమ్మల మీది మంచు జారిపడి మంట కాస్తా ఆరిపోతుంది. ముసలి వేటగాడు బేర్ క్లా దగ్గర, నిప్పులు పాతిపెట్టి ఆ నేల మీద వెచ్చగా పడుకోవడం నేర్చుకుంటూ, పైన మన్ను చాలినంత కప్పక ఒళ్ళు కాల్చుకుంటాడు. ఇక చలి ఎంత ప్రమాదకరమో చెప్పడానికి అక్కడ ఒక్క విశేషణమైనా వాడలేదు: చలికి బిగుసుకుపోయిన ఒక శవం, దాని చేతిలో తుపాకి, ఆ తుపాకి దొరికినవాడిదేనని రాసి ఉన్న చీటీ. నీ కథలో ‘భయంకరమైన చలి’ అన్న మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది, గమనించావా?

అనుకోకుండా ఏర్పడిన అతని కుటుంబాన్ని కూడా చూడు. భార్య స్వాన్‌కు అతని భాష రాదు, చేరదీసిన పిల్లవాడు నోరు విప్పడు. అందువల్ల ఆ ఇంట్లో అనురాగమంతా దుంగలు మోసి గుడిసె కట్టుకోవడంలోనే వ్యక్తమవుతుంది. ఆ తరువాత సైనికులకు దారి చూపడానికి, మనసొప్పకపోయినా, వాళ్ళను అక్కడి ఆదివాసులైన క్రో తెగవారి శ్మశానం గుండా తీసుకువెళతాడు. ఒంటరిగా తిరిగి వస్తున్నప్పుడు అక్కడి మృతుల్లో ఒకరి మీద, తన భార్య ధరించేలాంటి నీలి పూసలు కనిపించగానే గుర్రాన్ని ఇంటివైపు పరుగెత్తిస్తాడు. శ్మశానం తొక్కినందుకు క్రో తెగవారు అతని భార్యనూ పిల్లవాణ్ణీ చంపేశారు; కానీ ఆ హత్య తెర మీద జరగదు, విలాపమూ లేదు. గుడిసెలో చాలాసేపు కూర్చుండిపోయి, చివరకు దానికి నిప్పు పెడతాడు.

ఈ సినిమా నిర్దోషమైనదని నేననను. బొమ్మ చెప్పేసిన దాన్నే నేపథ్యగీతం మరోసారి చెప్పే చోట్ల నాకు విసుగు పుడుతుంది. ఒక్కొక్కరుగా దాడికి వచ్చే క్రో యోధుల్లో చాలామందికి పేరూ లేదు, ఊరూ లేదు. అయితే దేన్ని వదలాలో మాత్రం రచయితలకు బాగా తెలుసు. ఈ పాత్రకు ఆధారమైన జాన్ జాన్సన్ శత్రువుల కాలేయాలను తినేవాడని ప్రచారంలో ఉన్న కథను, జనాన్ని సులువుగా ఆకర్షించగలిగిందే అయినా, పక్కన పెట్టేశారు.

నువ్వు తిరగరాసేటప్పుడు ఆ మొదటి రెండు పేజీలూ తీసేసి, అతను పొయ్యి రాజేయలేక అవస్థ పడే చోట మొదలుపెట్టు. తమ్ముడి మరణవార్త విన్న తరువాత నడిచే స్వగతాన్ని కూడా కొట్టివేసి, ఆ సాయంత్రం అతను చేతులతో ఏ పని చేశాడో మాత్రమే రాసి పంపు.