బాపు తెచ్చిన టర్న్‌టేబుల్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: మా బాపు 1983లో సౌదీ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన జపాన్ టర్న్‌టేబుల్ ఇంట్లో ఉంది. బెల్టుతో తిరిగే రకం. చాన ఏండ్లు అటక మీదనే ఉన్నది. ఇప్పుడు దించి పెడితే పాట సాగదీసినట్టు వస్తున్నది, ఘంటసాల గొంతు కూడా గుర్తుపట్టరాకుండా బరువెక్కింది. కొత్త యాంప్లిఫయర్‌కు కలిపితే శబ్దం బాగా తక్కువ, పైగా గుంయ్‌మని మోత. మెకానిక్ దీన్ని పడేసి కొత్తది కొనుక్కోమంటున్నడు. నా దగ్గర ఎనిమిది వేలున్నయి. ఏం చేయమంటరు?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పడేయకండి. పాట సాగడం, శబ్దం తగ్గడం, మోత రావడం – ఈ మూడూ సెట్టులో ఏదీ చెడిపోకపోయినా వచ్చేవే.

మొదట వేగం లెక్కపెట్టండి. పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అతికించి, రికార్డు మీద ముల్లు దించి, ఫోన్‌లో మూడు నిమిషాలు పెట్టుకొని చుట్లు లెక్కపెట్టండి. ఎల్పీ వేగం నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి మూడు నిమిషాల్లో సరిగ్గా 100 రావాలి. మీకు 83 దగ్గర ఆగిందంటే లోపం యంత్రానిది కాదు, కరెంటుది. సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. సింక్రనస్ ఏసీ మోటారు ఈ హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతుంది కనుక ఇక్కడ ఆరో వంతు వేగం పడిపోతుంది, పాట దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. అమెరికా నుంచి చుట్టాలు పంపే సెట్లదీ ఇదే కథ. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ మారుతుందే తప్ప హెర్ట్జ్ మారదు. అన్నట్టు, సెట్టు వెనకో అడుగునో వోల్టేజీ మీట ఉంటే అది 127 మీద లేదని, 220 లేదా 240 మీద ఉందని చూశాకే మళ్లీ ప్లగ్గు పెట్టండి.

83 వచ్చినవారికి మందు పుల్లీ మార్చడమే. మోటారు పుల్లీని, అంటే బెల్టును తిప్పే చిన్న చక్రాన్ని, 1.2 రెట్లు పెద్దది చేయించాలి. ఈ లెక్కలో బెల్టు మందాన్ని మరచిపోతే వేగం తప్పుతుంది. ఉదాహరణకు పాత పుల్లీ వ్యాసం 10 మి.మీ., బెల్టు మందం 0.6 మి.మీ. అనుకోండి. రెండూ కలిపి 10.6, దాన్ని 1.2తో హెచ్చిస్తే 12.72, అందులోంచి 0.6 తీసేస్తే 12.12 మి.మీ. కొత్త పుల్లీ కొలత అదీ. పుల్లీ మీద 45 వేగానికి ఉండే మెట్టుకూ ఇదే లెక్క. లేత్ షాపులో ఇత్తడితో చేయించండి. మధ్య రంధ్రం, బయటి అంచు రెండూ ఒకే బిగింపులో, ముక్కను చక్ నుంచి తీయకుండా తిప్పాలని గట్టిగా చెప్పండి. తీసి మళ్లీ బిగిస్తే కేంద్రం వెంట్రుకవాసి జరుగుతుంది, ఆ తేడా సాగదీసే వీణ స్వరంలో వణుకుగా వినిపిస్తుంది. బెల్టు ఆనే చోట నడుమ కొద్దిగా ఉబ్బు ఉండాలి, లేకపోతే బెల్టు జారి పక్కకు పోతుంది. బిగించాక గంటసేపు తిప్పి చూడండి. మోటారు గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేనంత కాలితే ఆపేయండి.

83 కాక 94, 97 వంటి అంకె వస్తే, లేదా వేగం ఎక్కువ తక్కువలవుతుంటే అది సాగిన బెల్టు, ఎండిన నూనె. మోటారు డీసీ రకమైతే హెర్ట్జ్‌తో పనే లేదు. మోటారు అడుగున చిన్న రంధ్రంలో ఉండే స్క్రూను సన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పి 100కు తేవచ్చు. కానీ ముందు బెల్టు, నూనె మార్చాకే దాని జోలికి వెళ్లండి. కొత్త బెల్టుకు కొలత కావాలంటే, పుల్లీ చుట్టూ లోపలి పళ్లెం చుట్టూ దారం చుట్టి పొడవు తీసి, అందులో 5 శాతం తగ్గించండి.

నూనె సంగతికొస్తే, ఏండ్ల తరబడి కదలని సెట్టులో అది జిగురైపోయి ఉంటుంది. పళ్లెం ఎత్తి, మధ్య ఇరుసును పైకి లాగి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లలతో గుంతను నలుపు రానంతవరకు తుడవండి. అడుగున చిన్న ఉక్కు గుండు ఉంటే పారేసుకోకండి. ఆరాక కుట్టుమిషన్ నూనె రెండు మూడు చుక్కలు చాలు. కొబ్బరినూనె మళ్లీ జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు పాత నూనెను కడిగేసి ఆరిపోతాయి, ఇరుసు పొడిగా తిరిగి అరుగుతుంది.

ఇరుసు బయట ఉన్నప్పుడే అసలు పరీక్ష చేయండి. దాన్ని గుంతలో పెట్టి అటూ ఇటూ కదిపితే టకటక ఆడకూడదు. తర్వాత టోన్ ఆర్మ్, అంటే ముల్లును మోసే చెయ్యి. వెనక బరువును తిప్పి ఆర్మ్ గాలిలో సమంగా నిలిచేలా పెట్టి, మెల్లగా ఊదండి. ఎక్కడా తట్టుకోకుండా తేలుతూ పోవాలి. ఆర్మ్‌ను వేళ్లతో పట్టుకుని కదిపితే దాని మొదలు దగ్గర వదులు ఉండకూడదు. ఈ రెండూ బాగుంటే మీ సెట్టు మీద డబ్బు పెట్టడం న్యాయమే. ఆర్మ్ బేరింగ్ ఊగుతుంటే మాత్రం ఎంత మంచి ముల్లు పెట్టినా దండగ.

డబ్బులో పెద్ద భాగం ముల్లుకే పోవాలి. రికార్డును తాకేది అదొక్కటే. నలభై ఏండ్ల పాత ముల్లులో వజ్రం బాగున్నా, దాన్ని పట్టుకునే రబ్బరు బిరుసెక్కి ఉంటుంది. మీ బడ్జెట్‌కు ఆడియో-టెక్నికా వారి ఏటీ-వీఎం95సీ కార్ట్రిడ్జ్ (ఆర్మ్ చివర బిగించే, ముల్లు ఉండే చిన్న పెట్టె) సరిపోతుంది. గుండ్రటి ముల్లు కాబట్టి అరిగిన పాత సినిమా రికార్డులను, బిగింపులో చిన్న తేడాలను ఓర్చుకుంటుంది. డబ్బు కుదిరినప్పుడు కార్ట్రిడ్జ్ తీయకుండా ముల్లు మాత్రం లాగేసి, దీర్ఘవృత్తాకారపు ‘ఈ’ రకం గుచ్చుకోవచ్చు. ఇంకా తక్కువలో కావాలంటే ఏటీ3600ఎల్ ఉంది. మీ ఆర్మ్ చివర రెండు స్క్రూల బదులు నాలుగు పిన్నులతో గుచ్చే రకమైతే ఇవి పట్టవు, పీ-మౌంట్ అని అడగాలి.

బిగించేటప్పుడు తెల్ల తీగ ఎడమ పక్క, నీలం దాని గ్రౌండ్. ఎరుపు కుడి పక్క, ఆకుపచ్చ దాని గ్రౌండ్. ముల్లు రికార్డు మీద మోపే బరువు వీఎం95సీకి 2 గ్రాములు. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద ముల్లు దించి చూసుకోండి, వెనక బరువు మీది అంకెలను నమ్మొద్దు. కాటా సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే 2012 నుంచి 2018 మధ్య అచ్చయిన రూపాయి బిళ్ల వేయండి, 3.79 గ్రాములు చూపాలి. తక్కువ బరువు పెడితే రికార్డుకు మేలని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు చాలని ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడలను కొడుతుంది, ‘స, శ’ అక్షరాల దగ్గర చిరచిర మొదలవుతుంది. ఇక కోణం. ప్రొట్రాక్టర్ కాగితాన్ని (కార్ట్రిడ్జ్ కోణం చూసుకునే గీతల అచ్చు) వంద శాతం సైజులో ప్రింట్ తీసి, స్కేలుతో సరిచూసి, మధ్య నుంచి 66, 121 మి.మీ. దగ్గర కార్ట్రిడ్జ్ గీతలకు సూటిగా ఉండేలా జరపండి. ఆ తర్వాతే స్క్రూలు పూర్తిగా బిగించండి.

శబ్దం తక్కువ రావడానికి కారణం, కొత్త యాంప్లిఫయర్లలో చాలావాటికి ఫోనో ఇన్‌పుట్, అంటే టర్న్‌టేబుల్ కలిపే ప్రత్యేక సాకెట్, లేకపోవడం. ఈ మాగ్నెటిక్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు కింది శబ్దాలను తగ్గించి పైవాటిని పెంచుతారు. దాన్ని తిరగేసేది ఫోనో ప్రీఆంప్. అది లేకుండా ఆక్స్ అనే మామూలు సాకెట్‌లో పెడితే పీలగా, తబలా లేని పాటలా వస్తుంది. బెరింజర్ పీపీ400 వంటి చిన్న పెట్టె చాలు. చేత్తో సోల్డరింగ్ చేసుకోగలిగితే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎన్‌ఈ5532 ఐసీతో చేసే ప్రీఆంప్ బోర్డుల గురించి అడగండి. మోతకు మొదట చూడాల్సింది టర్న్‌టేబుల్ వెనక వేలాడే సన్న గ్రౌండ్ తీగ. దాన్ని ప్రీఆంప్ స్క్రూకు బిగించండి, పిన్నులను ఆల్కహాల్‌తో తుడవండి.

ఇదంతా ఎనిమిది వేలలో ముగించొచ్చు. అదే డబ్బుకు కొత్తగా దొరికేవి ఎక్కువగా సూట్‌కేసు ఆకారపు పెట్టెలు. వాటిలో సిరామిక్ కార్ట్రిడ్జ్, 5 గ్రాముల బరువు, సరిచేసుకునే వీలు లేని ప్లాస్టిక్ ఆర్మ్. మీ బాపు తెచ్చిన దాని ముందు అవి నిలవవు. ఇరుసో ఆర్మో నిజంగా పోయిందని తేలితే మాత్రం డబ్బు కూడబెట్టి ఏటీ-ఎల్పీ60ఎక్స్ వంటిది తీసుకోండి. ప్రీఆంప్ లోపలే ఉంటుంది. 33, 45 వేగాలు మాత్రమే.

ప్రశ్న: మా దగ్గర హెచ్ఎంవీ పెట్టె ప్లేయర్ ఉంది. దానికి కొత్త మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ పెడితే శబ్దం మెరుగవుతుందా?
– ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: పెట్టకండి. దాని లోపలి యాంప్లిఫయర్ సిరామిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చే వందల మిల్లీవోల్టుల కోసం చేసింది. నాలుగు మిల్లీవోల్టులు దానికి వినిపించవు, ఆ బరువైన ఆర్మ్‌కు సుతారపు ముల్లు ఆగదు. కొత్త సిరామిక్ ముల్లు వేయించి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు అంతే విలువవి, అంతే లేదా ఎక్కువ వోల్టేజీవి మార్పించండి. మోత చాలావరకు పోతుంది. మంచి ఎల్పీలను దానిమీద పెట్టకుండా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకు ఉంచుకోండి, ముల్లును 78 వైపు తిప్పాకే. ఎల్పీ ముల్లు 78 గాడి అడుగున దొర్లి దుమ్మును గీరుతుంది.

ప్రశ్న: పాత రికార్డులను స్పిరిట్‌తో తుడవొచ్చా? క్వారీలు దగ్గర, దుమ్ము ఎక్కువ.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 78 రికార్డులను అసలు వద్దు. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌లో కరిగిపోతాయి. వాటికీ ఎల్పీలకూ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరుకు గిన్నెల సబ్బు నీళ్లు రెండు చుక్కలు కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ బట్టతో గాడి వెంట తుడవండి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడవండి. మధ్య చీటీ తడవకూడదు. గ్రానైట్ దుమ్ము వినైల్ కంటే చాలా గట్టిది. పొడి బట్టతో రుద్దితే మీరే గీతలు పెట్టినట్టు. ఎండాకాలం రికార్డులను నిలువుగా, పడమటి గోడకు దూరంగా పెట్టండి.