రాత్రి తాగింది పొద్దున డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టిస్తుందా?

పట్టిస్తుంది, పడుకుని లేచినంత మాత్రాన మందు ఒంట్లోంచి పోదు. దాన్ని విరగ్గొట్టేది ఎక్కువగా లివరే. ఎంత తొందరపెట్టినా దాని వేగం దానిదే: 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల ఆల్కహాల్ తగ్గుతుంది. బండి నడిపేవాడికి చట్టం ఒప్పుకునేది 30 దాకానే.

కర్నూలు హాస్టల్లో 60 కిలోల కుర్రాడు పందెం కట్టి గబగబా ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్ల విస్కీ లాగించాడనుకోండి. రాత్రి ఒంటిగంటకు సీసా ఖాళీ అయితే అంకె 150 దరిదాపుల్లోకి వెళ్తుంది. పొద్దున 6కి అనంతపురానికి బైక్ తీసేటప్పటికి ఇంకా 70 దగ్గర ఉంటుంది. డోన్ దగ్గర ఆపి ఊదిస్తే దొరికిపోతాడు. మొదటిసారికే 10,000 రూపాయల ఫైను, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. (21 నిండనివాడైతే వాడికి మందు అమ్మడమే తప్పు, అది వేరే సంగతి.)

మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, కాఫీ తాగితే దిగిపోతుందనేది ఉత్త మాట. తలస్నానం చేసి ఉగ్గాని బజ్జి తింటే నిద్రమత్తు వదులుతుంది, నోటి వాసన కాస్త తగ్గుతుంది. మిషన్లో అంకె మాత్రం తగ్గదు.