రాతి మీద రాయని సంగతి

చి॥ అమ్మాయికి బాబాయి దీవెనలు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. చర్చి వెనకాల తెల్లటి సమాధి రాయి, పైన బ్రిటన్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) గుర్తు, కింద సార్జెంట్, ఎయిర్ గన్నర్ (విమానంలో తుపాకీ పేల్చేవాడు), 1943, వయసు 20. "జర్మనీ మీద బాంబులు వేస్తూ ప్రాణాలిచ్చిన కుర్రాడి గురించి రాస్తాను" అన్నావు. తప్పకుండా రాయి. కానీ ఆ మొదటి వాక్యం దగ్గరే కాస్త ఆగు.

జర్మనీలో కూలిన విమానంలోని మనిషి ఇంగ్లండులో చర్చి వెనకాల ఎలా ఉంటాడే? అలా పోయినవాళ్ళని అక్కడే, జర్మనీలోనో హాలండ్‌లోనో ఫ్రాన్స్‌లోనో ఖననం చేశారు. జాడే దొరకని 20,000 మందికి పైగా పేర్లు లండన్ దగ్గర రన్నీమీడ్ స్మారకం గోడల మీద ఉన్నాయి. నీ కుర్రాడు ఇక్కడి మట్టిలో ఉన్నాడంటే చాలావరకు ఇక్కడే పోయి ఉంటాడు. దెబ్బతిన్న విమానం తిరిగొచ్చి కూలి ఉండొచ్చు, లేదా అతను ఇంకా ట్రైనింగ్‌లోనే ఉండి ఉండొచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ దళంలో బాంబు దాడులు చేసే విభాగమైన బాంబర్ కమాండ్‌లో చనిపోయిన 55,573 మందిలో 8,000 పైచిలుకు మంది శిక్షణలోనూ అలాంటి ఇతర ప్రమాదాల్లోనూ పోయారు. సమాధి రాయి మాత్రం ఎలా పోయాడో చెప్పదు. అందరికీ ఒకటే రాయి, ఒకటే ఎత్తు.

ఇది నాకు చేదుగా తెలిసిన సంగతి. చాలా ఏళ్ళ కిందట ఇక్కడ మా ఊళ్ళో, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే నవంబరు సంస్మరణ రోజున ఇలాంటి ఒకతని గురించి నాలుగు మాటలు చదవమన్నారు. రాత్రిపూట జర్మనీ మీద దాడి, నేలమీంచి ఫిరంగులు, అన్నీ కలిపి వర్ణించాను. తర్వాత టీ తాగుతుంటే ఒక ముసలావిడ వచ్చి, "బాగా చదివారు. మా అన్నయ్య మాత్రం జర్మనీ చూడనే లేదు" అంది. అప్పుడు నా చేతిలో కప్పు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

కాబట్టి ముందు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో అతని పేరు వెతుకు. యూనిట్ పేరు ఇచ్చి ఉంటే అందులోనే సగం జవాబు ఉంటుంది. స్క్వాడ్రన్ (దాడులకి వెళ్ళే దళం) అని కాకుండా ఓటీయూ అని ఉంటే అది ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్, అంటే శిక్షణ దళం. తర్వాత లింకన్‌లోని ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ వాళ్ళ జాబితా చూడు, అందులో శిక్షణలో పోయినవాళ్ళూ ఉంటారు. అతను పోయిన తేదీనే పోయిన మిగతావాళ్ళ పేర్లు రాసుకో. ఇది ముఖ్యం. బ్రిటన్ కుర్రాళ్ళ శవాలని ఇంటివాళ్ళు కోరితే సొంత ఊరికి పంపేవాళ్ళు. అందుకే ఒకే విమానంలో కలిసి పోయిన ఐదుగురూ ఐదు ఊళ్ళలో ఉండొచ్చు. కెనడా వాళ్ళని అంత దూరం పంపే వీల్లేక యార్క్‌షైర్‌లోని హారోగేట్ లాంటి చోట్ల వరసగా పడుకోబెట్టారు. ఒక్కడి గురించి రాస్తే కథ సగమే.

ఆ ఐదుగురూ ఎలా కలిసేవాళ్ళో తెలుసా? ఓటీయూలో పైలట్లనీ నావిగేటర్లనీ గన్నర్లనీ పెద్ద హ్యాంగర్‌లోకి తోలి, మీలో మీరే జట్టు కట్టుకోండి అనేవాళ్ళు. పెళ్ళిచూపులు కూడా అంతకన్నా నిదానంగా జరుగుతాయి! ఆ తర్వాత వాళ్ళకి ఇచ్చేది చాలాసార్లు స్క్వాడ్రన్లలో అరిగిపోయిన విమానాలే. రెండే ఇంజన్ల వెల్లింగ్టన్ బాంబర్లు. శత్రు విమానాల భయంతో దీపాలార్పే బ్లాకవుట్ వల్ల కింద ఊళ్ళ దీపాలు కనపడవు, పైన మంచు, పక్కన కొండలు. దారి తప్పడం తేలిక.

నువ్వు లీడ్స్‌లోనే ఉన్నావు కాబట్టి యార్క్‌షైర్‌లోని బక్‌డెన్ పైక్ కొండ ఎక్కి రా. 1942 జనవరి ఆఖర్లో బ్రామ్‌కోట్ విమాన స్థావరంలోని 18వ ఓటీయూ నుంచి పోలండ్ కుర్రాళ్ళు ఆరుగురు వెల్లింగ్టన్‌లో నావిగేషన్ సాధనకి బయలుదేరి, మంచు తుఫానులో ఆ కొండకి గుద్దుకున్నారు. విమానం తోకలోని తుపాకీ గూడు (టర్రెట్)లో ఉన్న గన్నర్ జోసెఫ్ ఫుస్నియాక్ ఒక్కడే బతికాడు. చీలమండ విరిగినా, మంచులో నక్క అడుగుజాడలు పట్టుకుని, అది తిండి కోసం ఊరివైపే వెళ్తుందని నమ్మి, పాక్కుంటూ కిందికి దిగాడు. తర్వాత 1973లో అతనే అక్కడ సిలువ కట్టించాడు. సిలువ అడుగున నక్క తల ఉంటుంది, వెతికి చూడు. అక్కడ ఏదైనా ఇనుప ముక్క కనిపిస్తే మాత్రం జేబులో వేసుకోకు. 1986 చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాల శకలాలు ముట్టుకోవాలంటే రక్షణ శాఖ లైసెన్సు కావాలి.

ఇక ప్రమాదం ఎందుకు జరిగిందో రాయాలంటే లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఫారం 1180 అనే ప్రమాద కార్డు అడుగు. యూనిట్ల దినచర్య పుస్తకాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కార్డు మీద చూస్తే రెండు మూడు పొడి ముక్కలే ఉంటాయి. పైలట్ పొరపాటు అని కనిపిస్తే అక్కడే తీర్పు రాసెయ్యకు. అది విచారణవాళ్ళ మాట, అవతలివాడు జవాబు చెప్పే స్థితిలో లేడు. విమానం ఎంత పాతదో, ఆ రాత్రి వాతావరణం ఏమిటో, పైలట్‌కి రాత్రి ఎగిరిన అనుభవం ఎన్ని గంటలో పక్కనే పెట్టు. దొరకనిది దొరకలేదని రాయి. "వీరమరణం" అనే మాట మాత్రం నీ దగ్గరే ఉంచుకో. శిక్షణలో పోయాడు అని మామూలుగా రాస్తే అతనికి వచ్చే తక్కువేం లేదు.

ఇంకొకటి, నీ ఫొటోలో తేదీ సరిగ్గా కనపడటం లేదు, అది మూడో ఎనిమిదో. నాచు ఉందని గోకకు, బ్రష్షూ వద్దు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పక్కనుంచి మళ్ళీ తీసి పంపు.

ఉంటాను,
బాబాయి