రికార్డులో అంకెలు కల్పించకు

చిన్నీ,

నువ్వు బీఏ అప్లైడ్ సైకాలజీలో చేరావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. సంతోషంగానే చెప్పింది గాని, చివర్లో గొంతు తగ్గించి "ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుందే?" అని అడిగింది. బావగారు పక్కనే ఉండి ఉంటారు. ఆ ప్రశ్న సంగతి తర్వాత చూద్దాం. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఈ పాఠాలే చెప్పినదాన్ని, ముందు నా ధోరణిలో నన్ను చెప్పనీ.

ఇంకో నెలలో ఏదో ఒక పెళ్ళిలో ఎవరో ఒకరు "సైకాలజీ అట కదా, నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం" అంటారు. నవ్వి ఊరుకో. (ఆ ముచ్చట తీర్చుకున్నవాళ్ళూ లేకపోలేదు. 1960ల చివర్లో కోనేరు రామకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అతీంద్రియ శక్తుల పరిశోధనకే ఒక విభాగం పెట్టారు.) మనకు మాత్రం ఆ పని లేదు. ఎదుటి మనిషిని చూడగానే తట్టే అభిప్రాయం ఒకటి ఉంటుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, చూసింది చూసినట్టు రాసుకోవడం మన పని. వినడానికి తేలికే. నాకు అది ఎలా పట్టుబడిందో చెబుతాను, మీ అమ్మకు మాత్రం చెప్పకు.

నా బీఏ రెండో ఏడు. ముల్లర్-లయర్ భ్రమ మీద ప్రయోగం. 1889 నాటి బొమ్మ అది, నీకూ తప్పకుండా వస్తుంది. రెండు గీతలు ఉంటాయి. ఒకదాని చివర్లు బాణం ములుకుల్లా, రెండోదాని చివర్లు ఈకల్లా విచ్చుకుని ఉంటాయి. రెండూ సమానమే అయినా ఈకల గీతే పొడుగ్గా కనిపిస్తుంది. ప్రయోజ్యుడు, అంటే మనం ప్రయోగం చేసే మనిషి, పట్టీని జరుపుతూ "ఇప్పుడు సమానం" అన్నప్పుడు, వెనక ఉన్న స్కేలు చూసి ఎన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చిందో రాసుకోవాలి. కుడి నుంచి పది సార్లు, ఎడమ నుంచి పది సార్లు. ఇరవై మందికి పరికరం ఒక్కటే. నాకేమో ఐదు గంటల బస్సు. వరండాలో కూర్చుని ఇరవై అంకెలు రాసేశాను: 12, 13, 12, 12, 13... మా మేడమ్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసి, "నీ ప్రయోజ్యురాలు మనిషా, గోడ గడియారమా?" అన్నారు.

మళ్ళీ చేయించారు. ఈసారి 17 వచ్చింది, తర్వాత 9, తర్వాత 14, ఒకసారి 6. పద్నాలుగో సారికి ఆ పిల్ల ఆవులించింది. "ఆవులింత కూడా రాయి" అన్నారు మేడమ్. ఆ రోజు బస్సు పోయింది గాని, నా చదువు అక్కడ మొదలైంది. మనుషుల దగ్గరనుంచి వచ్చే అంకెలు ఎగుడుదిగుడుగానే ఉంటాయి. నున్నగా ఉన్నాయంటే అనుమానించాలి. పాత సీనియర్ల రికార్డులు జిరాక్స్ షాపుల్లో దొరుకుతాయి, అందరూ కాపీ కొడతారు, మార్కులు కూడా పడతాయి. నువ్వు మాత్రం ఆ దారిన పోకు. పెద్దవాళ్ళే తప్పటడుగులు వేసిన శాస్త్రం ఇది. 2015లో వందల మంది పరిశోధకులు కలిసి, పేరున్న పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం ఫలితాలు గట్టివని తేలాయి, రెండోసారి 36 శాతమే నిలిచాయి. అన్నీ మోసాలని కాదు. చిన్న నమూనాలు, తొందరపాటు, తమకు కావలసిందే కనిపించడం. అందుకని పాఠ్యపుస్తకంలో ఉన్న ప్రతి ప్రయోగాన్నీ "ఎవరి మీద చేశారు, ఎంతమంది మీద, మళ్ళీ చేస్తే వచ్చిందా?" అని అడుగుతూ చదువు.

"ఎవరి మీద" అన్నది మనకు మరీ ముఖ్యం. అవే గీతలను సెగాల్, క్యాంబెల్, హెర్స్కోవిట్స్ అనే పరిశోధకులు రకరకాల సమాజాల వాళ్ళకు చూపించి 1966లో ఫలితాలు ప్రచురించారు. అమెరికా వాళ్ళు బాగా భ్రమపడ్డారు. కలహారి ఎడారిలోని సాన్ జనానికి భ్రమ దాదాపు లేనట్టే తేలింది. కారణం మీద ఇప్పటికీ వాదనలే. కంటికి కనిపించే గీత విషయంలోనే ఇలా ఉంటే, దిగులు, సిగ్గు, కోపం సంగతి ఏం చెప్పాలి!

ఒక ఏడు మా పిల్లలు ఇంగ్లీషు ప్రశ్నావళి ఒకటి తెలుగు చేసి బస్తీలోకి పట్టుకెళ్ళారు. ఇంగ్లీషువాళ్ళకు దిగులును నీలిరంగుతో చెప్పే వాడుక ఉంది. ఒక అమ్మాయి దాన్ని "నాకు నీలంగా అనిపిస్తుంది" అని రాసుకుపోయింది. ఒక పెద్దావిడ పాపం చాలాసేపు ఆలోచించి, "బట్టలకు పెట్టే నీలిమందు గురించా అమ్మా?" అని అడిగింది. పిల్లలు దారంతా నవ్వుకుంటూ వచ్చారు. నేను నవ్వలేదు, ఎందుకంటే మిగతా వాక్యాలకు ఆవిడ "అవును", "కాదు" అని చెప్పిన జవాబులన్నీ అప్పటికే కాగితం మీద ఉన్నాయి. వాటిని ఏం నమ్ముతాం?

మన ఆడవాళ్ళు డిప్రెషన్ అనరు. గుండె దడ అంటారు, అరికాళ్ళ మంటలు అంటారు, తలంతా దిమ్ముగా ఉంది, ఏమీ తోచడం లేదు, మనసు మనసులో లేదు అంటారు. ఈ మాటల కోసం చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టుకో. బస్సులో, ఆసుపత్రి వరండాలో, మీ నాయనమ్మ దగ్గర విన్నది విన్నట్టు రాయి. ప్రశ్నావళిని తెలుగు చేయవలసి వస్తే, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరి చేత మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. నీలిమందు అక్కడే దొరికిపోతుంది. మూడేళ్ళలో నువ్వు చేసే పనుల్లో అందరికీ ఉపయోగపడేది బహుశా ఇదే.

లెక్కలు తప్పించుకోవడానికి ఆర్ట్స్‌లోకి వచ్చినవాళ్ళు స్టాటిస్టిక్స్ చూసి కళ్ళు తేలేస్తారు. నువ్వు ఆ జాతి కాదని తెలుసు, అయినా ఒక మాట. ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది), సహసంబంధం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి మారతాయో చెప్పేది) ఒక్కసారైనా చేత్తో లెక్కకట్టు, తర్వాత కంప్యూటర్‌కు వదిలెయ్. ప్రజ్ఞాలబ్ధి, అంటే ఐక్యూ, సగటు 100, విచలనం 15 అయితే నూటికి 68 మంది 85కూ 115కూ మధ్యే ఉంటారు. ఒకావిడ తన కొడుకుకు 112, తోడికోడలి కొడుకుకు 108 వచ్చిందని మురిసిపోతుంది. ఆ నాలుగు పరీక్షలో సహజంగా ఉండే దోషంలోనే కలిసిపోతాయని ఆవిడ నొచ్చుకోకుండా చెప్పగలిగితే నీకు స్టాటిస్టిక్స్ వచ్చినట్టే. ఇక సహసంబంధం: దోమల కాయిల్స్ ఎక్కువ అమ్ముడైన నెలల్లోనే డెంగీ కూడా ఎక్కువ. కాయిల్స్ జ్వరం తెచ్చాయా? మధ్యలో వాన ఉంది. ఆ వానను వెతకడం అలవాటు చేసుకో.

చదివే పద్ధతికి మన శాస్త్రమే దారి చూపిస్తుంది, విచిత్రంగా దాన్ని చదివేవాళ్ళే వాడరు. 2006లో రోడిగర్, కార్పికీ ఒకే పాఠాన్ని కొందరి చేత నాలుగు సార్లు చదివించారు. ఇంకొందరి చేత ఒక్కసారి చదివించి, మూడు సార్లు గుర్తుచేసుకుని రాయించారు. వారం తర్వాత మొదటివాళ్ళకు 40 శాతం, రెండోవాళ్ళకు 61 శాతం గుర్తున్నాయి. రంగు పెన్నులతో గీతలు గీయడం మాని, పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాయి.

తెలుగు పుస్తకాల్లో అటెన్షన్‌ను అవధానం అంటారు. ఆ అధ్యాయం వచ్చినప్పుడు ఎక్కడైనా అష్టావధానం జరుగుతుంటే వెళ్ళి వెనక వరసలో కూర్చో. మనిషి ఒక్కసారిగా పట్టుకోగలిగేది ఏడుకు అటూ ఇటూగా రెండు అంశాలని 1956లో జార్జి మిల్లర్ రాశాడు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు (ప్రశ్నలు వేసేవాడు) పని చెడగొడుతూ ఉండగా అవధాని నాలుగు పద్యాలు చివరికి ధారణ చేస్తాడు, అంటే గుర్తుంచుకుని అప్పజెబుతాడు, ఎలా? ఛందస్సు అక్షరాలను మూటలు కడుతుంది. మూట ఒక్కటే లెక్క. సెమినార్‌కు ఇంతకంటే మంచి విషయం దొరకదు. నా శిష్యులెవరూ తీసుకోలేదు, అందరికీ ఫ్రాయిడే కావాలి.

అసాధారణ మనోవిజ్ఞానం పేపరు మొదలయ్యాక ప్రతి వారం నీకు ఒక కొత్త జబ్బు ఉన్నట్టు అనిపిస్తుంది. అందరికీ అంతే, సెమిస్టర్ అయ్యాక పోతుంది. ప్రమాదం అది కాదు, ఇంట్లోవాళ్ళకు పేర్లు పెట్టడం. మీ నాన్న తలుపు గడియ రెండుసార్లు చూసినంత మాత్రాన ఓసీడీ (చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు) కాదు. చుట్టాలకూ స్నేహితులకూ కౌన్సెలింగ్ చేయబోకు. విను, అంతే. విన్నది ఇంకో చెవిన వేయకు. ఎవరైనా చచ్చిపోవాలని ఉందని అంటే మాత్రం రహస్యం అని ఊరుకోకూడదు. వాళ్ళను ఒంటరిగా వదలకుండా ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే ఏర్పాటు చూడు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు పడదు. ఫోనులో ఇప్పుడే దాచుకో.

ఇక మీ అమ్మ ప్రశ్న. బీఏ ఒక్కదానితో సైకాలజిస్టు అని బోర్డు కట్టుకోలేవు. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఆయన ఎంబీబీఎస్ చేసి పైన ఎండీ చేసిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పీజీ దాకా వెళ్ళి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. ఈ నిబంధనలు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి. దూరవిద్యలో సైకాలజీని 2025 నుంచి యూజీసీ ఆపించింది. కనుక ఎవరో చెప్పింది నమ్మకుండా ఫీజు కట్టేముందు కౌన్సిల్ జాబితా నువ్వే చూడు. అప్లైడ్ అన్నారు కాబట్టి దారి ఒక్కటే కాదు: బడులు, కంపెనీల్లో నియామకాలు, రోడ్డు భద్రత, సైన్యం. సైన్యంలో ఆఫీసర్లను ఎంచే ఎస్‌ఎస్‌బీలో 60 మాటలు ఒక్కొక్కటి 15 సెకన్లు చూపించి, తట్టిన వాక్యం రాయమంటారు. ఆ కాగితాలు చదివేది మనవాళ్ళే. సెలవుల్లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థకు వెళ్ళి, అనుమతి అడిగి నాలుగు రోజులు చూసి రా. ఒక పిల్లవాడికి చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని ఎన్ని చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పుతారో చూశాక, అభ్యసన సిద్ధాంతాలు వేరేగా చదవనక్కర్లేదు.

నా పాత స్టాప్‌వాచ్ పార్సెల్‌లో పంపుతున్నాను. రోజూ కీ ఇవ్వాలి. గంటకు రెండు సెకన్లు వెనకబడుతుంది, ఎప్పుడు చూసినా సరిగ్గా రెండే. అంటే విశ్వసనీయత (ప్రతిసారీ ఒకేలా చూపడం) ఉంది, సప్రమాణత (సరైనది చూపడం) లేదు. రికార్డులో ఆ రెండు సెకన్లు కూడా రాయి.

ఆశీస్సులతో,
పిన్ని