పెంపుడు పామును ఇంట్లో కాసేపు బయట వదలవచ్చా?

విషం లేని పామైతే వదలవచ్చు, మీ కళ్లు దాని మీదే ఉండాలి. తల పట్టే సందు దొరికితే చాలు, ఒళ్లంతా దూర్చేస్తుంది. ముందుగా తలుపు కింది ఖాళీ, ఫ్రిజ్ వెనుక భాగం మూసేయండి. సోఫా స్ప్రింగుల్లోకి దూరిందా, ఇక సోఫా కోసుకోవాల్సిందే!

పాము ఒంటి వేడి పరిసరాలను బట్టే ఉంటుంది. చల్లటి నేలపై ఎక్కువసేపు ఉంటే మందగిస్తుంది. గది వెచ్చగా ఉన్నప్పుడు 15–20 నిమిషాలు చాలు. మేత వేశాక కనీసం 48 గంటలు కదిలించకండి, కక్కేయవచ్చు. కుబుసానికి ముందు కళ్లు పాలరంగుకు తిరిగితే చూపు ఆనదు, బెదిరి కరవవచ్చు.

నాలుక ఆడిస్తూ నింపాదిగా తిరిగితే సరే. గోడ మూలలకేసి ఆత్రంగా పరుగు తీస్తుంటే అది షికారు కాదు, దాక్కునే చోటు కోసం వెతుకులాట; పెట్టెలో పెట్టేయండి. పాము ఒంటిపై సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండవచ్చు, పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.